గులాబీ తేనె జాడీ

మధ్యాహ్న ప్రార్థనకు ఇంకా గంట కొట్టలేదు. మందుల గదిలో సన్యాసిని లత్తాంజియా అరలోంచి ఒక జాడీని దించి బల్ల మీద పెట్టింది. ఫ్లోరెన్సులోని ఆ సన్యాసినుల మఠంలో ముప్పై ఏళ్లుగా ఆ గది ఆమెదే.

ఎదురుగా ఉన్న జాడీ మీద, నీలం ఆకుల మధ్య, 'గులాబీ తేనె' అని రాసి బట్టీలో కాల్చారు. మూడేళ్లుగా అందులో ఉన్నది మాత్రం నల్లమందు పాకం. కాలిన రాత చెరగదు కాబట్టి, లోపలి సరుకు మారితే మూతికి కట్టిన తోలు మీద కొత్త పేరు రాస్తారు. ఇప్పుడా తోలు కొత్తది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

పాతదాన్ని రాత కనబడకుండా ఎలుకలు కొరికేస్తే తనే మార్చానని తోటి సన్యాసిని పెర్పెతువా చెప్పింది. అంతటితో ఆగినా బాగుండేది. ఉన్ని వడికే నన్నీనా పొద్దున తన నెలల పిల్లాడికి దగ్గని వస్తే, అందులోంచే రెండు చెంచాలు ఇచ్చిందట.

"జాడీ మీద అంత పెద్దగా రాసుందిగా అక్కా," అంది పెర్పెతువా.

వేరే జాడీ తెప్పించడానికి బద్ధకించి, పాకం ఇందులో పోసింది లత్తాంజియానే. నన్నీనా ఇల్లెక్కడో తెలియదు. తెలిసినా గడప దాటకూడదు. మందులు కూడా గోడలోని తిరిగే కొయ్యపెట్టెలో పెట్టి అవతలికి తిప్పవలసిందే. అయినా భయం నియమాన్ని మింగేసింది. వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అప్పుడే గోడ అవతల, మందు కోసం వచ్చినవాళ్లు లాగే గంట మోగింది.

"నేను నన్నీనానమ్మా. మీ చేతి చలవ, మూడు రాత్రుల తర్వాత పిల్లాడు నిద్రపోయాడు. పాలకు లేపినా లేవట్లేదు. ఇంకో రెండు చెంచాలిస్తే..."

"బిడ్డేడీ?"

"ఒళ్లోనే ఉన్నాడమ్మా."

"పెట్టెలో పడుకోబెట్టి తిప్పు. ఏమీ అడక్కు."

పెట్టె కిర్రుమంటూ తిరిగింది. బిడ్డ పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. లత్తాంజియా అరికాళ్ల మీద కొట్టింది, ముఖాన చన్నీళ్లు చల్లింది, ముక్కు దగ్గర పుల్లటి ఘాటు సిర్కాలో తడిపిన గుడ్డ పెట్టింది. మళ్లీ కొట్టింది.

"దగ్గు నాయనా. ఒక్కసారి దగ్గు."

చాలాసేపటికి బిడ్డ ముఖం చిట్లించి దగ్గాడు. మళ్లీ దగ్గి, కేరుమన్నాడు.

"అయ్యో, మళ్లీ మొదలైందా?" అంది గోడ అవతల నన్నీనా, నీరసంగా.

"మొదలైందమ్మా," అంటూ లత్తాంజియా బిడ్డతో సహా నేల మీద కూలబడింది.