ఉప్పునీళ్ళలో ఐసుముక్క

పల్లవికి ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు కోపం వచ్చింది. అంతకుముందు రాలేదని కాదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ కాలేజీలో చేరిన ఈ రెండేళ్ళలో చాలాసార్లే వచ్చింది, వచ్చిన ప్రతిసారీ మింగేసింది. ఈసారి మాత్రం గొంతు దిగలేదు.

సంగతేమిటంటే, వాళ్ళకు బీఎస్సీ రెండో ఏడాదిలో సముద్ర విజ్ఞాన పరిచయం అని ఒక పేపరుంది. ఎటు చూసినా బొగ్గు గనులూ, పొగ గొట్టాలూ, సున్నపురాయి లారీలూ తప్ప మరేమీ కనబడని ఊళ్ళో సముద్రం చదువేమిటని అడక్కండి. పేపరు పేపరే. పన్నెండు ప్రయోగాలు చెయ్యాలి, చేసినవి జర్నల్ అనే లావుపాటి పుస్తకంలో రాయాలి, దానిమీద సారు సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోయినట్టే.

చెయ్యాలని ఉందే గానీ, చేసినవాళ్ళెవరూ లేరు. పై క్లాసు వాళ్ళ జర్నల్ తెచ్చుకుని దించుకోవడమే ఇక్కడి పద్ధతి. అంకెలు దించుతారు, బొమ్మలు దించుతారు, బొమ్మలో ఎవరి చెయ్యో వణికి గీత వంకరపోతే ఆ వంకర కూడా దించుతారు. ఈ పేపరు పెట్టిన మొదటి ఏడాది ఎవడో బద్ధకస్తుడు ఇంట్లో పడుకుని ఊహించి రాసిందే నాలుగేళ్ళుగా శాస్త్రమై కూర్చుంది. అందరూ కలిసి చేస్తే సిగ్గుమాలిన పనికి కూడా సిగ్గుండదు.

పల్లవి ఒక్కతే పన్నెండూ చేసింది. ఆమె తల్లి సారక్క గోల్ బజార్ వెనక చేపలమ్ముతుంది. ఆంధ్రా నుంచి లారీలో వచ్చే థర్మాకోల్ డబ్బాల నిండా ఐసే. ఏడో ప్రయోగానికి కావలసింది ఐసు, ఉప్పు, రెండు గాజు గ్లాసులు. ఒక గ్లాసులో మంచినీళ్ళు, ఇంకో గ్లాసులో సముద్రమంత ఉప్పదనం కలిపిన నీళ్ళు. రెండింట్లో ఒకే బరువున్న ఐసుముక్కలు వేసి, కదపకుండా పెట్టి, ఏది ముందు కరుగుతుందో చూడాలి. అంతే. అందరి జర్నళ్ళలోనూ ఉప్పునీళ్ళలోదే ముందు కరిగిందని ఉంది.

ఊరికి దగ్గర్లో బామ్నిలోని వాళ్ళింట్లో మంచినీళ్ళలోదే ముందు కరిగింది. నమ్మక మళ్ళీ చేసింది. మూడోసారి సారక్క కూడా వచ్చి పక్కన కూర్చుంది.

“ఉప్పు చల్లితె ఐసు కరుగుతది బిడ్డా, నేను రోజు చూస్త గద,” అంది సారక్క.

“చల్లితె కరుగుతదమ్మా. గది వేరే. గిది ఉప్పునీళ్ళల్ల తేలుతుంది. చూడు.”

రెండు ముక్కలమీదా చెరో చుక్క నీలం సిరా వేసింది. మంచినీళ్ళ గ్లాసులో నీలం దారాలు దారాలుగా అడుక్కి దిగింది. కరిగిన చల్లనీళ్ళు బరువెక్కి కిందికి పోతుంటే, గోరువెచ్చని నీళ్ళు పైకొచ్చి ఐసును తినేశాయి. ఉప్పునీళ్ళ గ్లాసులో నీలం ఒక్క చుక్క దిగలేదు. ఉప్పులేని కరుగునీళ్ళు తేలిక కదా, ఐసు చుట్టూ పైనే పరుచుకుని దుప్పటిలా కప్పేశాయి. సారక్క నోరు తెరుచుకుని చూసింది. ధ్రువాల దగ్గర సముద్రం కూడా ఇలాగే చేస్తుందని కూతురు చెప్తే, “గంత పెద్ద సముద్రం మన గిలాసల పట్టిందానే!” అని నవ్వింది. పల్లవి చూసింది చూసినట్టే రాసుకుని, నీలం పెన్సిల్‌తో బొమ్మ వేసింది.

ఆ నీలమే కొంప ముంచింది. ఆ రోజు మూడింటికి ప్రాక్టికల్ పరీక్ష, తీసుకోవడానికి బయటి కాలేజీ నుంచి ఒక మేడం వస్తోంది. ల్యాబులో మధుసూదనరావు సారు ఇరవై ఏడు జర్నళ్ళు ముందేసుకుని, చూడకుండా పేజీలు తిప్పుతూ సంతకాలు గీకుతున్నాడు. అందరివీ పెన్సిల్ బొమ్మలే. నీలం బొమ్మ తగిలేసరికి చెయ్యి ఆగింది.

“ఏమ్మా పల్లవీ, ఏమిటిది? మంచినీళ్ళలో ముందు కరిగిందా?”

“అవును సార్. మూడుసార్లు చేసిన. మూడుసార్లు గట్లనే వచ్చింది.”

“ఎక్కడ చేశావు?”

“ఇంట్ల సార్. ఐసుముక్కలు మా అమ్మ చేపల తరాజుల తూచి ఏసిన.”

సారు ముక్కు దగ్గర చెయ్యి ఆడించుకున్నాడు. “చేపల ఐసు, చేపల తరాజు! ఆ కంపుకి సముద్రమే జడుసుకుని తలకిందులైనట్టుంది.” క్లాసంతా నవ్వింది. “నేను బందరులో పుట్టానమ్మా. సముద్రం గాలి పీల్చి పెరిగాను. నువ్వు నాకు సముద్రం చెప్తావా? ఆ పేజీ చింపి అందరిలాగే రాసుకురా. సంతకం పెడతాను. లేదా వచ్చే ఏడు చూసుకుందాం.”

అదిగో, అప్పుడొచ్చింది కోపం. తప్పన్నందుకు కాదు. తప్పైతే ఒప్పుకునే పిల్లే. ఒక్కసారి కూడా గ్లాసులో ఐసు వెయ్యని మనిషి, మూడుసార్లు వేసి చూసిన మనిషి కళ్ళను కంపంటున్నాడు. తెల్లారి నాలుగింటికి లేచి ఆ ఐసులో చేతులు పెట్టి, వేళ్ళు మొద్దుబారి, ఈ చదువు చదివిస్తున్న తల్లిని కంపంటున్నాడు. పల్లవికి అరికాలి మంట నెత్తికెక్కింది.

జర్నల్ అక్కడే వదిలేసి బజారుకు పరుగెత్తింది. సారక్క బేరంలో ఉంది. కూతురు మొహం చూసి కత్తి పక్కన పెట్టింది.

విషయం విని, “రాసియ్యి బిడ్డా, ఒక్క పేజీకి ఏడాది పోగొట్టుకుంటవా?” అంది ముందు.

“నువ్వు గూడ చూసినవు గదమ్మా.”

సారక్క చేతులు కడుక్కుంది. తర్వాత డబ్బాలోంచి పెద్ద ఐసుముక్క తీసి, పగలగొట్టి, రెండు పెంకులు తరాజులో వేసింది. ముల్లు నిటారుగా నిలబడేదాకా ఒకదాన్ని కత్తితో గీకింది. ఇంకో గిరాకీ వచ్చి ధర అడిగితే ఆగమని కసిరింది. రెండు ముక్కలనూ కవర్లో చుట్టి, కింద ఇంకొంచెం ఐసు పోసి చేతిలో పెట్టింది.

“పో. ఆయన కండ్ల ముందట్నే చెయ్యి. ఏమంటడో చూద్దాం.”

పల్లవి ల్యాబుకు తిరిగొచ్చేసరికి రెండుంబావు. ఇరవై ఆరు జర్నళ్ళు సంతకాలై ఒకపక్క దొంతరగా ఉన్నాయి. ఆమెది ఒక్కటే విడిగా ఉంది. ఎవరినీ అడక్కుండా బల్లమీద రెండు గ్లాసులు పెట్టి నీళ్ళు నింపింది. ఒకదానిలో ఉప్పు తూచి కలిపి, నీళ్ళు కదలడం ఆగేదాకా ఆగింది. ఐసు వేసింది. సిరా చుక్కలు వేసింది.

“ఏమిటీ గోల?” అన్నాడు సారు.

“అయిదు నిమిషాలు సార్. చూడుండ్రి. తప్పయితె నేనే చింపేస్త.”

పిల్లలు బల్ల చుట్టూ మూగారు. విరూర్ నుంచి వచ్చే ప్రమోద్ అందరికంటే ముందు తల పెట్టాడు. మంచినీళ్ళలో నీలం దారాలు దిగడం మొదలైంది. ఉప్పునీళ్ళలో పైనే ఆగింది. నాలుగు నిమిషాలకు మంచినీళ్ళలో ముక్క లేదు. ఉప్పునీళ్ళలో సగానికి పైగా ఉంది. “అగబాయీ!” అన్నారెవరో మరాఠీలో ఆశ్చర్యపోతూ. అందరూ సారు మొహం చూశారు.

మధుసూదనరావు సారు లేచాడు. తీరిగ్గా వచ్చాడు. బల్లమీద గాజు కడ్డీ తీసుకుని ఉప్పునీళ్ళ గ్లాసులో పెట్టి గిరగిరా తిప్పాడు. నీలం దుప్పటి చెదిరిపోయింది. గ్లాసంతా ఒకటే రంగైంది. ఒక్క నిమిషంలో ఐసు మాయమైంది.

“చూశావుగా, కరిగిపోయింది,” అన్నాడు కడ్డీ దులుపుతూ. “అనవసరంగా టైము పాడుచేశావు. వెళ్ళి రాసుకురా.”

ఇరవై ఆరుమంది కళ్ళెదుట జరిగిన మోసం అది. దొంగకు కూడా ఇంత ధైర్యముండదు. పల్లవికి ఆ కడ్డీ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. దానికి బదులు జర్నల్ తెరిచి, ఏడో ప్రయోగం కింద ఖాళీలో రాసింది. నాలుగో పరిశీలన. మంచినీళ్ళలో ముక్క నాలుగు నిమిషాల్లో కరిగింది. అప్పటికి ఉప్పునీళ్ళలో సగానికి పైగా మిగిలింది. రెండూ నలభైకి మధుసూదనరావు సారు ఉప్పునీళ్ళను గాజు కడ్డీతో కలిపారు. కలిపాక మిగిలిన ముక్క ఒక్క నిమిషంలో కరిగింది.

తీసుకెళ్ళి సారు ముందు పెట్టింది. ఆయన మొదటిసారి ఒక జర్నల్ పేజీ పూర్తిగా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నా పేరు రాశావేంటి?” గొంతు తగ్గించాడు. “సరే, నీ మాటే కానీ. మంచినీళ్ళలోనే ముందు కరిగింది. ఒప్పుకుంటున్నా. ఆ చివరి రెండు వాక్యాలు కొట్టెయ్. సంతకం పెడతాను.”

“కొట్టెయ్య సార్.”

“ఎందుకమ్మా ఇంత మొండితనం? నీకు కావాల్సింది వచ్చిందిగా?”

“మీరు కలిపిండ్రు. కలిపినంకనే కరిగింది. చూసింది రాయుమనే జర్నల్ పెట్టిండ్రు, రాసిన. సంతకం పెట్టకుంటె ఈ పేజీ, ఈ రెండు గిలాసలు పరీక్ష తీస్కునే మేడం ముందట పెడ్త. మళ్ళొకసారి చేస్త. అప్పుడు గూడ కలుపుండ్రి.”

సారు పెన్ను తీశాడు. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి, జర్నల్‌ను బల్లమీదికి విసిరాడు. పల్లవి దాన్ని తీసుకుని దొంతరమీద పెట్టింది. గెలిచానన్న సంతోషం కాసేపే నిలిచింది. కింద ఇరవై ఆరు అబద్ధాలున్నాయి. వాటిమీద ఉన్నదీ ఇదే సంతకం.

మూడింటికి పరీక్ష మొదలైంది. రాతపేపరులో రెండో ప్రశ్న ఐసుదే. కదపకుండా ఉంచితే ఏ నీళ్ళలో ముందు కరుగుతుంది, ఎందుకు? పల్లవికి నవ్వొచ్చింది. ఇవాళ తప్పు రాసేవాళ్ళు ఒక్కరూ ఉండరనుకుంది.

బయటికొచ్చాక ప్రమోద్ చెయ్యూపాడు. “పేపర్ ఎకదమ్ ఈజీ గద? ఐసు ప్రశ్న వచ్చింది.”

“ఏం రాసినవ్?”

“ఉప్పునీళ్ళని.”

పల్లవి అక్కడే ఆగిపోయింది. “నీ కండ్ల ముందట్నే గదరా మంచినీళ్ళల్ల ముందు కరిగింది? అందరికంటె ముందు తలకాయ పెట్టి చూసినవు గద?”

“చూసిన,” అన్నాడు ప్రమోద్, ఆమెకేమైందో అర్థంకానట్టు. “కానీ నా జర్నల్ల ఉప్పునీళ్ళనే ఉంది గదనే. సారు సంతకం గూడ ఉంది.”