చాంబర్ ప్యాకింగ్ మార్చిన సారు

ఎమ్మిగనూరులో నాకొక డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే ఒక పాత కారు, దాని నెత్తిన ‘వీరేష్ డ్రైవింగ్ స్కూల్’ అనే బోర్డు, లోపల నేను. నేర్చుకునేవాళ్లకు స్టీరింగ్ ఇచ్చే ముందు బానెట్ ఎత్తి పెద్ద ఉపన్యాసం దంచుతాను. “బండి కడుపులో ఏముందో తెలీనోడు డ్రైవరే కాదు” అంటాను. నా బండి కడుపులో ఉండేదంతా ఇంటి ముందర కారిపోతున్న సంగతి మాత్రం చెప్పను.

ఇంజను అడుగున ఆయిలు నిలిచే రేకు తొట్టిని మా వైపు చాంబర్ అంటారు. దానికీ ఇంజనుకూ నడుమ ఉండే ప్యాకింగ్ పాతబడి, సందుల్లోంచి ఆయిలు కారేది. నా భార్య ఇందు వేసిన ముగ్గు మీద రోజూ నల్ల మరకలే.

“మెకానిక్ కాడికి తీస్కపోప్పా” అనింది.

“స్కూలు పెట్టినోన్ని, నేను ఇంగొకని కాడికి పోతే ఏం మర్యాద?” అన్నాను.

నిజానికి నేను కారు కింద దూరింది ఎప్పుడూ లేదు. ఫోన్లో వీడియోలు చూసినాను. వాటిల్లో అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి. అది చూసినాకే ధైర్యమొచ్చింది.

ఆదివారం పొద్దున కారును జాకీతో లేపి, కింద బండలు పేర్చి, ఆయిలంతా బేసినులోకి వంపినాను. బోల్టులన్నీ విప్పినాను. చాంబర్ కదల్లేదు. ప్యాకింగ్‌కు పూసిన పాత పేస్టు దాన్ని గట్టిగా పట్టుకోనుంది. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నితే ఒక్కసారిగా ఊడి, అడుగున మిగిలిన ఆయిలు మొత్తం నా మొగం మీద పడింది. నా కేకకు ఇందు గుడ్డ తీసుకొని పరిగెత్తుకొచ్చింది.

“ముందు నోరు మూసుకో! లోపలికి పోతాంది!”

పెళ్లయినప్పటి నుంచి ఆ మాట చాలాసార్లు విన్నాను. వెంటనే పాటించింది మాత్రం ఆ రోజే.

కొత్త ప్యాకింగ్‌కు పేస్టు ఎంత ఎక్కువ పూస్తే అంత మంచిదనుకొని ట్యూబు మొత్తం పిండినాను. బోల్టులు పండ్లు కొరికి బిగించినాను. సాయంత్రం క్లాసుంది కదా అని అప్పుడే ఆయిలు కూడా పోసేసినాను.

ఆ క్లాసు జయమ్మది. గోనెగండ్ల మనిషి. మిరపకాయల కోతకు కూలికి పోతుంటుంది. కూలోళ్లను ఎక్కించుకొని పోయే ఆటో తనే నడపాలని ఆమె పట్టుదల. గోనెగండ్ల రోడ్డు మీద ఆమె స్టీరింగ్ పట్టుకోనుంటే, పక్క సీట్లో నేను చాంబర్ విప్పిన వైనం వర్ణిస్తాండాను. మొగం మీద ఆయిలు పడిన భాగం వదిలేసినాను.

“సార్, ఈడ ఎర్ర లైటు వచ్చినాది. ఆయిలు డబ్బా బొమ్మది.”

“అది ఊరికే వస్తుంటాదిలే అక్కా. పోనీ.”

జయమ్మ పోనీయలేదు. కారును రోడ్డు పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళం చెవి చేతిలో పట్టుకునింది.

“ఎర్ర లైటొస్తే దేవుడు పొమ్మన్నా పోగూడదని నువ్వే సెప్పినావు కదా సార్?”

“ఏదో మాట వరసకు...”

“అయితే మిగతావి గూడా మాట వరసకేనా? క్లచ్చూ, బ్రేకూ?”

దిగి వెనక్కి చూసినాను. మేమొచ్చిన దారంతా నల్లటి గీత. ఇంకొంచెం దూరం పోయుంటే ఇంజను పట్టేసుండేది, స్కూలుకు బోర్డొకటే మిగిలుండేది.

ఉల్లిగడ్డల ట్రాక్టరొకటి వస్తే తాడు కట్టించినాము. స్టీరింగ్ నేను పట్టుకుంటానన్నాను. “వద్దు సార్, నా క్లాసింకా అయిపోలేదు” అనింది జయమ్మ. అలాగే ఊర్లోకి వచ్చినాము. ముందు ట్రాక్టరు, వెనక బోర్డుతో సహా మేము. బస్టాండు కాడ టీ తాగుతున్న ఒకాయన “ఎవరు ఎవరికి నేర్పుతాండారప్పా?” అని గట్టిగా అడిగినాడు. నేను కిటికీ అద్దం పైకెత్తుకున్నాను. జయమ్మ మాత్రం తాడు వదులు కానీయకుండా, ట్రాక్టరును గుద్దకుండా ఇంటి దాకా తెచ్చింది. నేను అంత బాగా తెచ్చుండను.

ఇందు కింద పడున్న ఖాళీ ట్యూబు తీసి చదివింది.

“పలుచగా పూయమని ఉంది. ఆరినాకే ఆయిలు పోయమని ఉంది. ఇది సదవలేదా?”

“వీడియోలో సెప్పలేదు.”

మళ్లీ విప్పినాను. నా బలానికి చాంబర్ అంచు బోల్టు బోల్టుకూ వంగిపోయింది. కడప బండ మీద బోర్లించి చిన్నగా సుత్తితో కొట్టి సమం చేసినాను. పాత పేస్టునంతా గీకి తుడిచినాను. ఇందు టార్చి పట్టుకొని, “ఒక్కదాన్నే బిగించొద్దు, దీని తర్వాత ఎదురుగా ఉండేది” అని చెప్తుంటే, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చినాను. పేస్టు ఆరేదాకా తాళం చెవి ఇందు దగ్గరే ఉండింది. నా మీద అంత నమ్మకం.

ఆయిలు పోసి, ఊరంతా ఒక చుట్టు తిప్పి, కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, ఇంట్లోకి పోయి పడుకున్నాను. తెల్లారి లాగి చూస్తే ఒక్క చుక్క లేదు! నాకు పట్టలేనంత సంతోషం. అట్టముక్క పట్టుకొని వీధిలోకి పోయి, అరుగు మీద కూర్చున్న తిక్కయ్య తాతకు చూపించినాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసినాడు.

“ఏముందిరా దీంట్లో?”

“ఏమీ లేదు తాతా! అదే!”

తాత నన్ను పైకీ కిందికీ చూసి, మా ఇంటి వైపు తిరిగి కేకేసినాడు. “అమ్మా ఇందూ, మీ ఆయన రాత్రి సరిగ్గా నిద్రపోయినాడా?”