కొరమీను కోపం

మస్రా కర్రముక్కతో కొరమీను తల మీద కొట్టబోయి ఆగింది. చేప కదలడం లేదు. బుట్టలో ఒక్కటీ కదలడం లేదు. కొరమీను నీళ్ళు లేకపోయినా గాలి పీల్చుకుంటూ పూటంతా బతికే చేప. తడి గోనె కప్పితే మర్నాడు కూడా తోకతో కొడుతుంది. ఇవి సంతకు రాకముందే చచ్చాయి.

పొట్ట చీల్చి వెన్నుముల్లు దాకా తెరిచింది. ముల్లు వెంట నల్లటి నెత్తురు గడ్డకట్టి ఉంది.

"నీళ్ళలో కరెంటు పెట్టావా?"

బుట్ట తెచ్చిన అల్లుడు జర్కాసి సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. "చేప చేపే కదా అత్తా. కూరలో పడ్డాక దానికేం తెలుస్తుంది?"

"దానికి తెలియదు. నా కూతురి కుట్లకి తెలుస్తుంది."

నగారా ఊరి సంతలో పక్కన చేపలు కోస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. "అల్లుడికి పొద్దున్నే మసాలా బాగా పట్టించావే!" అంది ఒకామె. మస్రా నవ్వలేదు. చేపను తీసి అతని కాళ్ళ మీదికి విసిరింది.

కూతురు రుస్మలాకు కడుపు కోసి బిడ్డను తీశారు. గాయం ఇంకా చెమ్మగానే ఉంది. కోత పడ్డ ఒంటికి చిత్తడిలో తిరిగిన కొరమీను పులుసు పట్టాలని అక్కడ ప్రతి ఆడదానికీ తెలుసు. ముళ్ళు తక్కువ, తెల్లటి గట్టి కండ, నీరసపడ్డ కడుపుకు కూడా బరువనిపించదు. కాని ఆ చేప పొయ్యి దాకా ప్రాణంతో రావాలి.

మొగుడు పోయింది మొదలు మస్రాకు చేపలు కోయడమే బతుకు. వేళ్ళ సందుల్లో పొలుసు, గోళ్ళ కింద నెత్తురు, నోట్లో తిట్టు. కత్తి కడిగింది. ఇంటికి పోయి బాతుపిల్లను చంకన పెట్టుకుని పడవెక్కింది. తెడ్డు వేస్తుంటే ఎడమ చెయ్యి గుంజింది.

"నీకూ ఇవాళే వచ్చిందా రోగం?" అని చేతినీ తిట్టింది.

చిత్తడిలో చప్పుడు లేదు. తామరాకుల మధ్య ఎక్కడా బుడగ లేవలేదు. వేలెడు పిల్లచేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. పోయినేడు ఇదే చోట చేపలు ఎగిరి పడవలో పడ్డాయి. మస్రా పళ్ళు నూరింది.

రెల్లు దాటాక నీళ్ళ మీద ఎర్రటి మరక కనబడింది. కొరమీను పిల్లలు గుంపుకట్టి నీళ్ళను కుతకుతలాడిస్తున్నాయి. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. మరకకు అవతల జర్కాసి పడవ ఉంది. అతని చేతిలో వెదురు గడ, గడకు తీగ, తీగకు బ్యాటరీ.

"జరుగు అత్తా! మీట నొక్కుతున్నా."

మస్రా పడవ అంచు మీదికి వంగి చేతిని మోచేతి దాకా నీళ్ళలో ముంచింది.

"నొక్కు."

"పిచ్చా నీకు? చెయ్యి తియ్యి!"

"నొక్కరా! మగాడివైతే నొక్కు."

జర్కాసి గడను నీళ్ళకి జానెడు ఎత్తులో ఆపాడు. "నువ్వు మాత్రం పిల్లలున్న చేప కోసం రాలేదా? ఆ బాతుపిల్లని పెంచుకోవడానికి తెచ్చావా?"

"నేను ఒక్కదాన్నే పడతా. రెండోది పిల్లల్ని చూసుకుంటుంది. నీ తీగకి రెండూ పోతాయి, పిల్లలూ పోతాయి. రేపు నీ బిడ్డ ఏం తింటుంది, బ్యాటరీయా?"

జర్కాసి గడ పైకెత్తాడు. ఏదో గొణుక్కుంటూ పడవ తిప్పాడు. అతను కనుమరుగయ్యే దాకా ఆమె చెయ్యి తీయలేదు.

గేలం కింద వేలాడేలా దారాన్ని బాతుపిల్ల కాలికి ముడేసి మరక మీదికి వదిలింది. అది గోల చేస్తూ ఈదింది. పిల్లల్ని కాస్తున్న కొరమీను ఆకలితో రాదు, కోపంతో వస్తుంది. ఆ కోపమే దాన్ని గేలానికి తగిలిస్తుంది.

నీళ్ళు భళ్ళున లేచాయి. మస్రా లాగింది. నల్లటి వీపు, పాము తల, చేతి పొడుగు చేప. పడవ అడుగున తోకతో బాదుతూ ఆమె వైపే నోరు తెరిచింది.

"తిట్టుకో," అంది మస్రా. "నేనైనా తిట్టేదాన్ని."

ఇంట్లో ఒక్క దెబ్బతో దాన్ని చంపి, పసుపు, అల్లం, నిమ్మగడ్డి వేసి ఉడికించింది.

"కారం లేదేంటమ్మా?" అని మూలిగింది రుస్మలా.

"కుట్లు మానాక తిందువుగాని. మింగు."

గిన్నె ఖాళీ అయ్యేసరికి రుస్మలా నుదుట చెమట పట్టింది. మొహానికి కాస్త రంగొచ్చింది. "ఆయన రాలేదేం?"

"వస్తాడు. ఓ గిన్నె ఉంచు. వాడికి నోరెంతుందో సిగ్గూ అంతే ఉంది."

మస్రా గుమ్మం దగ్గర స్తంభానికి చేరగిలబడి, కాళ్ళు నది వైపు చాపింది. ఎడమ చెయ్యి ఒత్తుకుంటూ, అల లేపుకుంటూ పోతున్న మోటారు పడవనొకదాన్ని తిట్టింది. ఆ తిట్టు సగంలో ఆగింది. రుస్మలా పిలిచింది. మళ్ళీ పిలిచింది.

జర్కాసి వచ్చేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరి మస్రా కళ్ళు మూశారు. అతను అత్త కాళ్ళ దగ్గర కూర్చుని లేచాడు. తనకోసం ఉంచిన గిన్నెను తెచ్చి భార్య ముందు పెట్టాడు.

"తాగు. ప్రాణంతో తెచ్చింది."

రుస్మలా ఏడుస్తూ తాగింది.

కుండ అడుగున చేప తల ఒక్కటే మిగిలింది. ఆ ఇంట్లో తల ఎప్పుడూ మస్రాదే. చల్లారిన పులుసులో అది నోరు తెరుచుకునే ఉంది.