బార్లీ కడిగిన శనివారం

"గ్యారేజీ మురికి చేయకు" అని చెప్పి డ్వేన్ చేపలకు వెళ్లాడు.

ఆ గ్యారేజీని ఇన్నేళ్లుగా ఊడ్చింది అతని భార్య మార్లిస్. అది అతనికి తట్టలేదు. బయట తమ్ముడు లైల్ ట్రక్కులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. సరస్సు గడ్డకట్టి నెల దాటింది. ఆ ఊళ్లో మగవాళ్లు శనివారాలు మంచు మీద గుడిసె వేసుకుని, కన్నం తవ్వుకుని, దాని పక్కన కూర్చుంటారు. చేప పడకపోయినా ఎవరూ ఏమీ అనరు.

ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆగి, గ్యారేజీ తలుపు సగం పైకెత్తి, మార్లిస్ గ్యాస్ పొయ్యి వెలిగించింది. తెలియకుండానే కూనిరాగం తీసింది. నీళ్లు కాచుకోవడానికి ఇంత సంబరమా అని తనలో తనే నవ్వుకుంది.

ఆ ఇంట్లో బీరు డ్వేన్‌ది. డబ్బాలో వచ్చే మాల్టు పాకం, అంటే మొలకెత్తించిన బార్లీ తీపి రసం, నీళ్లలో పోసి, మరిగించి, పైన చేదు కోసం ఇన్ని ఎండు హాప్స్ పూలు చల్లేవాడు. అక్కడితో అతని పని అయిపోయేది. సీసాలు స్నానాల తొట్టిలో నానబెట్టడం, పాత లేబుళ్లు గీకడం, అడుగంటిన కుండ తోమడం, పీపా అడుగున మిగిలిన మడ్డి ఎత్తిపోయడం మార్లిస్ వంతు. "కడగడమేగా, అదేం పని" అనేవాడు. ఊళ్లో ఇళ్లలో బీరు కాచుకునేవాళ్లకు ఒక క్లబ్బు ఉంది. వాళ్లు డ్వేన్ ఇంటి నేలమాళిగలోనే కలుస్తారు. బీరు బాగుంటే వీపు తట్టించుకునేది అతను. పులిసిపోతే, "మా ఆవిడ సీసాలు సరిగా కడగలేదు." అందరూ నవ్వేవాళ్లు. శాండ్‌విచ్‌ల పళ్లెం పట్టుకుని మార్లిస్ కూడా నవ్వేది. డ్వేన్ చెయ్యెత్తలేదు, తాగి అరవలేదు. మంచివాడనిపించుకోవడానికి మగవాడికి అంతకన్నా ఎక్కువ ఎవరూ అడగరు.

ఆకులు రాలే రోజుల్లో ఒకసారి ఆమె అడిగింది, డబ్బా పాకం లేకుండా బార్లీ గింజతోనే మొదలుపెట్టి చేస్తే ఎలా ఉంటుందని. "దానికి లెక్క కావాలి మార్లీ. వేడి కాస్త తప్పిందా, గంజి. నీకెందుకొచ్చింది?" అన్నాడు. అత్తగారు ఇర్మా అయితే, "చేసుకోనీరా, నాలుగు రోజుల పిచ్చి" అంది. ఇర్మా ఆ మాట ఊరికే అనలేదు. మార్లిస్ రాత్రి కాలేజీలో చేరితే, ఇర్మాకు జబ్బు చేసి సగంలో ఆగింది. బొంత కుట్టడానికి చట్రం బిగిస్తే, పేకాట బల్లకు చోటు కావాలని డ్వేన్ విప్పేశాడు. ఆమె మొదలుపెట్టినదేదీ ఆమె చేతిలో పూర్తి కాలేదు. పూర్తి కాకపోవడం ఆమె గుణమని ఇంట్లో అందరూ తీర్మానించారు. కొన్నేళ్లకు ఆమె కూడా నమ్మింది.

చివరికి డ్వేన్ ఒప్పుకున్నాడు. "ఒక్క శనివారం. చెడిందంటే సామానంతా లైల్‌కి ఇచ్చేస్తా. మళ్లీ ఆ ఊసెత్తకూడదు."

ఇదిగో ఆ శనివారం.

మొలకెత్తించి ఎండబెట్టి మర పట్టిన బార్లీని ఆమె పిక్నిక్‌లకు వాడే, వేడీ చలీ పోనివ్వని పెద్ద కూలర్‌లో పోసింది. దాని అడుగున జల్లెడ రేకు, పక్కన కుళాయి అమర్చి పెట్టుకుంది. వేడినీళ్లు వంచుతూ చెక్క తెడ్డుతో కలిపింది. ఆవిరి ముఖానికి కొట్టింది. అప్పుడే కాల్చిన రొట్టె వాసన, దాని వెనక తడిసిన గడ్డి వాసన. డబ్బా పాకంలో ఈ వాసన లేదు. థర్మామీటర్ ముల్లు వణికి వణికి ఆమెకు కావలసిన చోటే ఆగింది. "అమ్మ నీ!" అంది పైకే. మూత పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది. పసిబిడ్డ నిద్రపోతున్నట్టు గ్యారేజీలో కాలివేళ్ల మీద తిరిగింది.

గంట గడిచాక తెల్ల సాసరులో ఆ బార్లీ నీళ్లు ఒక చుక్క వేసి, పక్కన అయోడిన్ చుక్క వేసింది. నల్లబడితే పిండి పిండిగానే ఉన్నట్టు. రెండూ కలిశాయి. ఆమె సాసరును వెలుతురులోకి తిప్పింది. నల్లబడలేదు. పిండి తీపిగా మారింది! కుళాయి కొసన వేలు తడిపి నాకి చూసింది. తేనె కాదు, పాలు కాదు, అంత కమ్మటిది ఆ ఇంట్లో ఎవరూ ఆమెకు పెట్టలేదు.

ఇక మిగిలింది ఆ తీపిని కిందికి దించి, పైనుంచి వేడినీళ్లు చల్లుతూ గింజను కడగడం. కుళాయి తిప్పింది. మొదట మబ్బుగా వచ్చింది. చెంబుతో పట్టి మళ్లీ పైన పోసింది. నాలుగో చెంబుకు తేటపడింది. ఐదో చెంబుకు ధార సన్నబడింది. తర్వాత చుక్కలు. తర్వాత అదీ లేదు.

కుళాయి పూర్తిగా తిప్పింది. ఏమీ రాలేదు. గుప్పెడు గింజ తీసి చూసింది. పొట్టు నలిగి నుసి అయిపోయింది. పొట్టు నిలబడితేనే నీటికి దారి. ఆమె బార్లీని రెండుసార్లు మర పట్టింది. ఒకసారి చాలని తెలుసు. అయినా పట్టింది. కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఇర్మా ఆమె చేసిన గ్రేవీలో వేలు పెట్టి, ఉండ దొరికితే అందరికీ చూపించేది. అప్పటినుంచి ఆ చేతులు దేన్నీ మెత్తగా అయ్యేదాకా వదలవు.

ఆ సమయానికే ట్రక్కు వచ్చింది. సరస్సు మీద గాలి ఎక్కువై గుడిసె పీకేసుకున్నారట.

డ్వేన్ కూలర్‌లోకి తొంగి చూశాడు. "చెప్పానా! గంజి."

"వదినా, పాలూ చక్కెరా తేవా? తినేద్దాం" అన్నాడు లైల్.

"జరుగు. పైపులో నోటితో లాగితే వస్తుంది" అని డ్వేన్ చేతి తొడుగులు విప్పాడు.

"లాగితే ఇంకా బిగుసుకుంటుంది."

"ఎవరు చెప్పారు?"

"మీ క్లబ్బు రోలాండ్. మన నేలమాళిగలోనే చెప్పాడు. నువ్వు చిప్స్ కోసం కేకేస్తున్నావు."

లైల్ కిసుక్కున నవ్వాడు. డ్వేన్ కూలర్ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్, డ్వేన్."

ఆమె అరవలేదు. అయినా అతను తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టుంది.

బిగుసుకున్న గింజను కిందినుంచి నీళ్లతో లేపాలని రోలాండ్ చెప్పాడు గానీ ఎలాగో చెప్పలేదు. చెప్పే ఉంటాడు. ఆమె అప్పుడు పళ్లెం తీసుకుని మెట్లెక్కుతూ ఉండి ఉంటుంది. తడబడుతూ పైపును కుళాయికి తగిలించింది. రెండో కొసకు గరాటా పెట్టి, స్టూలెక్కి, తలకన్నా ఎత్తుగా పట్టుకుంది. లైల్‌ను వేడినీళ్లు అందించమంది. అందించాడు. పోసింది. గరాటా నిండి పొంగి, ముంజేయి చురుక్కుమంది. దించలేదు. నీళ్లు గరాటాలో కదలకుండా నిలబడ్డాయి. డ్వేన్ ఏదో అనబోయాడు.

నీళ్లు దిగాయి. కూలర్‌లో గుబగుబమని బుడగలు లేచాయి. బిగుసుకున్న గింజంతా ఒక్క ముద్దగా కదిలి, పైకి తేలింది.

"లేచింది!" అని అరిచింది మార్లిస్. స్టూలు మీంచి దూకింది. తెడ్డుతో మెల్లగా కలిపి, గింజ సర్దుకునేదాకా ఆగి, కుళాయి ఒక్క వీసం తిప్పింది. సన్నటి ధార. మబ్బు, తర్వాత తేట, తర్వాత బంగారం. పైనుంచి వేడినీళ్లు చల్లుతూ పోయింది. ఆగలేదు. లైల్ గ్లాసు పట్టి తాగి, "వదినా, ఇది బీరు కాకపోయినా నాకు పర్లేదు" అన్నాడు.

డ్వేన్ కూడా రుచి చూశాడు. గ్లాసు ఖాళీ అయింది. "బాగానే ఉంది. సరే, నువ్వు లోపలికెళ్లి సాసేజీలు వేయించు. ఇక్కడినుంచి నేను చూసుకుంటాలే. మరిగించడమే అసలు పని."

ఇదివరకైతే వెళ్లేది. చలిగా ఉంది, ముంజేయి మండుతోంది, అతను మంచిగానే అడిగాడు. ఇదివరకు అన్నీ ఇలా మంచిగానే పోయాయి. చట్రం విప్పేటప్పుడు కూడా అతను సారీ చెప్పాడు. కుళాయి కింద నిండిన కుండను ఆమె పొయ్యి మీదికి ఎత్తి మంట పెంచింది. మరుగుకొచ్చే ముందు నురగ ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు చూపు తిప్పితే సగం నేలపాలు. ఆమె కుండ మీదికి వంగి నిలబడింది.

లోపల ఫోను మోగింది. శనివారం ఆ వేళకు మోగితే అది ఇర్మా. పెళ్లయిన నాటినుంచి ఆ ఫోను ఎత్తేది మార్లిసే. పక్కింటి పిల్లి, చర్చిలో ఎవరి టోపీ ఎలా ఉంది, కొడుకులు సరిగా తింటున్నారా అనే సంగతులు, కాఫీ చల్లారేదాకా.

"మార్లీ, అమ్మ!" అన్నాడు డ్వేన్. అతను తలుపు దగ్గరే ఉన్నాడు.

నురగ అంచుకు వచ్చింది. మార్లిస్ మంట కాస్త తగ్గించి, తెడ్డుతో నురగను కొట్టింది. అది వణికి, వెనక్కి తగ్గి, కిందినుంచి గలగలా మరగడం మొదలుపెట్టింది.

"మీ అమ్మే కదా, మాట్లాడు" అంది తల ఎత్తకుండా. "మోకాలి నొప్పి ఎలా ఉందో అడుగు. ఎడమది."