పక్కన కాస్త చోటు

“గడ్డం కాస్త దించండి మామ్మగారూ. ఆఁ, చాలు.”

డోంగ్‌చుల్ కెమెరా బటన్ నొక్కి, మోకాలు పట్టుకుని లేచాడు. వృద్ధుల విశ్రాంతి గదిలో పొద్దుటి నుంచీ ఇదే పని. వెచ్చటి నేల మీద వరసగా కూర్చున్న ముసలమ్మలు ఒకరి పెదాల రంగు ఇంకొకరు అరువు పుచ్చుకుని, తాము పోయాక పూల మధ్య పెట్టే ఫొటోలు తీయించుకుంటున్నారు. ఆ మాట మాత్రం ఎవరూ అనరు. వీటిని ఆయుష్షు ఫొటోలంటారు. ముందే తీయించుకుంటే ఇంకొన్నాళ్లు బతుకుతారని నమ్మకం.

ఒకప్పుడు ఈ లోయలో పెళ్లన్నా, పసిబిడ్డ తొలి పుట్టినరోజన్నా డోంగ్‌చుల్ ఉండాల్సిందే. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అతనికి మిగిలింది ఈ ముసలివాళ్లే. కెమెరా పట్టీ మోసీ మోసీ ఓ భుజం కిందికి జారింది. భార్య పోయాక స్టూడియో వెనక గదిలో చల్లటి అన్నంలో నీళ్లు పోసుకుని తింటున్నాడు. దేనికీ ఆశపడకపోవడమే సుఖం అనుకుంటాడు గానీ, అది సుఖం కాదు, ఉత్త అలసట.

అందరికంటే చివర ఓక్‌బున్ వచ్చి కూర్చుంది. లేత ఆకుపచ్చ పట్టు పైచొక్కా తొడుక్కుంది.

“ఇదిగో అబ్బాయ్, నన్ను మధ్యలో పెట్టకు. పక్కన కాస్త చోటుంచు. మా ఆయన ఫొటో ఇస్తా, అక్కడ అతికించు.”

“బతికున్నప్పుడు పక్కన కూర్చోనిచ్చావుటే?” అంది పక్కింటి ముసలమ్మ.

“అందుకే ఇప్పుడు కూర్చోబెడుతున్నా. నువ్వు మాత్రం బాగా తియ్యి అబ్బాయ్. గుర్తింపు కార్డులో ఉన్నది నేనంటే నాకే నమ్మకం లేదు. అంతకుమించి నాకు వేరే ఫొటో లేదు.”

అరవై దాటినా ఆమెకి అతను అబ్బాయే. డోంగ్‌చుల్ ఆమె ముఖాన్ని కెమెరాలో కనబడే నడిమి చుక్క మీదికి తెచ్చి, బటన్ సగం నొక్కి పట్టుకుని, కెమెరాని పక్కకి జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కాడు. అతని చేతికి పట్టేసిన అలవాటది. పాత కెమెరా బటన్ సగం నొక్కగానే ముఖం మీద ఫోకస్ పట్టుకునేది, ఇక ఎటు జరిపినా వదిలేది కాదు. అది పాడైపోతే కిందటి వారమే వేరే ఎవరో వాడిన కెమెరా కొన్నాడు. ఆ ఎవరో దాన్ని, పరుగెత్తేవాళ్లను వెంటాడుతూ ఫోకస్ మార్చుకుంటూ పోయే పద్ధతిలో ఉంచి అమ్మాడు. డోంగ్‌చుల్ చూసుకోలేదు. మిగతావాళ్లంతా మధ్యలోనే కూర్చున్నారు కాబట్టి తేడా తెలియలేదు.

సాయంత్రం కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే తెలిసింది. కెమెరాని జరపగానే అది ఓక్‌బున్‌ని వదిలేసి, మధ్యలోకి వచ్చిన వెనక తెరని పట్టుకుంది. తెర మీది పూలరేకుల ఈనెలు కూడా కనబడుతున్నాయి. ఆమె ముఖం మాత్రం ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టుంది. ఆమెవి తీసినవన్నీ అంతే. తప్పు తన కళ్లదైతే ఎంత బాగుండునో అనిపించి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

సిగ్గుపడుతూనే ఫోన్ చేశాడు.

“మామ్మగారూ, ఫొటో చెడగొట్టాను. పొద్దున్నే వచ్చి మళ్లీ తీస్తాను.”

“పోనీలే, మంచిదే అయింది. చొక్కా మెడపట్టీ మాసిపోయి ఉంది, నేనూ చూసుకోలేదు. రాత్రికి కొత్త పట్టీ కుట్టుకుంటాలే. అన్నం తిన్నావా?”

“తిన్నాను,” అని అబద్ధమాడాడు. ఆ మాట అడిగేవాళ్లు లేక చాలాకాలమైంది.

పొద్దున్నే కెమెరాని సరిచేసి, గుమ్మంలో పూలకుండీ మీద పరీక్షించాడు. ఎంత జరిపినా పట్టు వదల్లేదు. చాలా రోజుల తర్వాత కాస్త హుషారుగా బయల్దేరాడు.

ఓక్‌బున్ ఇంటి గేటు దగ్గర ఊరిపెద్ద బ్యొన్ నిలబడి ఉన్నాడు.

“నిద్రలోనే పోయిందయ్యా. బాధేం పడలేదు. నిన్నటి ఫొటో ఉందిగా, చప్పున పట్రా. జనం వచ్చేస్తారు.”

“అందులో ముఖం సరిగ్గా రాలేదు.”

“అంత దగ్గరికెళ్లి ఎవరు చూస్తారులే.”

డోంగ్‌చుల్‌కి ఏడుపొచ్చింది. మెళ్లో కెమెరా బరువుగా వేలాడుతోంది. తెరిచి ఉన్న తలుపులోంచి గది కనిపిస్తోంది. నేల మీద ఆకుపచ్చ చొక్కా, దానికి సగం వరకే కుట్టిన తెల్లటి మెడపట్టీ, ఆ పట్టీలో గుచ్చి వదిలేసిన సూది.