అదే రంగు

దిండు గలీబు మీద తలరంగు మరక సబ్బుకి లొంగదు. నిమ్మచెక్కతో రుద్ది, ఓ గంట ఎండలో పడేసి, మళ్ళీ రుద్దితే గానీ వదలదు. మూడు వారాలకోసారి తలకి రంగు వేయించుకోవడం, ఆ తర్వాత నాలుగైదు రోజులు గలీబులు రుద్దుకోవడం. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇది ఆమె పని. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరూ చూడనూ చూడరు. ఆ శుక్రవారం పొద్దున్న కూడా మొండి మరక ఒకటి పట్టుకుని కుస్తీ పడుతుంటే వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"వంగకు, ఓసారి అలాగే నిలబడు."

నిలబడింది. అత్తగారు రెండు వేళ్ళతో జుట్టు పాయలు విడదీసి చూశారు. ఎనభై ఏళ్ళు నిండాయి, కళ్ళు మసకబారాయి, ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోవడానికి కాస్త టైం పడుతుంది. ఈ జుట్టు విషయంలో మాత్రం చూపు సూదిమొనలా ఉంటుంది.

"గోరు వెడల్పున తెల్లగా పైకొచ్చేసింది. ఎల్లుండి చిట్టి వస్తోందాయె. ఏడో నెల. దాని కంట ఇది పడకూడదు."

"ఇవాళ వెళ్తానత్తయ్యా. స్కూల్లో సగం రోజు సెలవు అడిగాను."

"అదే రంగు వేయమను. ఆ పార్లరు పెద్దమ్మ కళ్ళ ఆపరేషన్ చేయించుకుందట, ఇప్పుడు మేనకోడలు చూస్తోందట. కొత్తరకం ఏదో పూస్తానంటే ఊరుకోకు. అదే రంగు. తెలిసిందా?"

తెలిసింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా తెలుస్తూనే ఉంది.

చిట్టి ఆమె కన్న కూతురు కాదు. భర్త మొదటి భార్య కూతురు. ఆవిడ జ్వరంతో పోయేనాటికి పిల్లకి మూడేళ్ళు. మరుసటి ఏడు ఈమె ఆ ఇంట్లో అడుగుపెట్టింది. మొదటి వారమంతా పిల్ల తలుపు వెనకే నిలబడి, పలకరిస్తే చాలు ఏడ్చింది. అప్పుడు అత్తగారే, "కొత్త మనిషివని బెదురుతోంది. కాస్త ముచ్చటగా తయారైతే అదే దగ్గరికొస్తుంది, పద" అని పార్లరుకి తీసుకెళ్ళారు. ఆమెది నల్లటి జుట్టు. దాన్ని ఎర్రజీర కలిసిన ముదురు గోధుమ రంగులోకి మార్పించారు. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడిందో లేదో, పిల్ల పరుగెత్తుకొచ్చి వెనక నుంచి కాళ్ళు చుట్టేసింది. "అమ్మా" అంది. ఆమె తిరిగి చూస్తే మళ్ళీ ఏడుపు. తన ఓర్పుకి దేవుడిచ్చిన ఫలం అనుకుంది ఆమె. సగం ఇచ్చాడు, మిగతా సగం మెల్లగా ఇస్తాడు అనుకుంది.

ఆ మిగతా సగం రాలేదు. ఎదురుగా ఉంటే పిన్ని, వెనక నుంచి అయితే అమ్మ. పెళ్ళయి వెళ్ళిన పిల్ల ఇప్పటికీ అంతే. ఆమెకి వేరే పిల్లల్లేరు. "ఉన్నదాన్ని చక్కగా పెంచితే చాలదూ" అన్నాడాయన మొదట్లో ఒకసారి. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. కాబట్టి ఈ లోకంలో ఆమెని అమ్మా అని ఎవరైనా పిలిచారంటే అది ఆమె వీపు వెనక నుంచే. ఆ పిలుపు కోసం ఎన్నోసార్లు చేతిలో పని అయిపోయినా తిరగకుండా అలాగే నిలబడిపోయేది.

ఆయనా అంతే. కూరలు తరుగుతూ అటు తిరిగి నిలబడితే ఆఫీసు కబుర్లన్నీ చెప్తాడు. పై అధికారిని ఎలా బోల్తా కొట్టించాడో చెప్పి నవ్వుతాడు కూడా. ఆమె నవ్వుతూ తిరిగి చూసిందా, మాట మధ్యలోనే ఆగిపోయి పేపరు పైకి లేస్తుంది. మగవాళ్ళు అంతేలే అనుకుంది పదేళ్ళు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేసింది.

స్కూల్లో ఆమె లైబ్రరీ చూస్తుంది. "మీకు వయసే రాదండీ" అంటుంది హెడ్‌మిస్ట్రెస్. అని, నిచ్చెన ఎక్కి పై అరలు దులిపే పని ఆమెకే అప్పగిస్తుంది. ప్రమోషన్ మాట వస్తే మాత్రం, ఆమె తర్వాత ఆరేళ్ళకి చేరిన సారుకి ఇచ్చి, "మీకింకా బోలెడు టైముంది కదా" అంటుంది. వయసు రాని మనిషికి వంతు కూడా రాదు కాబోలు.

పార్లరు మధ్యాహ్నం ఖాళీగా ఉంది. మూడు కుర్చీలు, మూడు అద్దాలు, తడి తువ్వాళ్ళ వాసన. పెద్దమ్మ మేనకోడలు ముప్ఫై అయిదేళ్ళ మనిషి, మాటకారి. ఆమెని కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టి, గోడ బీరువాలోంచి కార్డుల కట్ట తీసింది.

"మా మేనత్తకి మొహాలు గుర్తుండవండీ, తలలే గుర్తుంటాయి. కార్డులు కూడా పేర్ల మీద రాయదు, ఇంటి ఫోన్ నంబరు మీద రాస్తుంది. మీ నంబరు చెప్పండి."

చెప్పింది.

"దొరికారు. అమ్మో, పది కార్డులు కలిపి కుట్టేసింది, పుస్తకంలా ఉంది." మేనకోడలు పైది చదివి, రంగు గిన్నె ముందుకు లాక్కుని, తర్వాత దూది తీసుకుని ఎడమ చెవి పక్కకి వంచింది. కాసేపు వెతికింది. "ఏదండీ? కనపడదే?"

"ఏమిటి?"

"పుట్టుమచ్చ. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది, రంగు తగలనీయొద్దు, దూది పెట్టాలి అని రాసుంది."

"నాకు పుట్టుమచ్చ లేదే."

అంది గానీ, ఎడమ చెవి వెనక చల్లగా అనిపించింది. పెద్దమ్మ రంగు కలపగానే మొదట అక్కడ తడి దూది పెట్టేది. ప్రతిసారీ. మూడు వారాలకోసారి, ఇరవై ఒక్క ఏళ్ళు. పద్ధతి కాబోలు అనుకుని ఎన్నడూ అడగలేదు.

"ఏదీ, ఓసారి ఇలా ఇవ్వండి ఆ కార్డులు."

అన్నిటికన్నా అడుగున ఉన్నది పసుపు పచ్చబడిపోయింది. మొదటి తేదీ చూసి మళ్ళీ చూసింది. ఇరవై ఆరేళ్ళ కిందటిది. ఆమె ఆ ఇంటికి రావడానికి అయిదేళ్ళ ముందుది. ముదురు గోధుమ, ఎర్రజీర. ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ. కొన్ని వరసల కింద, 'అయిదో నెల, వాసన పడదు, కిటికీ పక్కన కూర్చోబెట్టాలి'. ఇంకొంచెం కింద, 'పాప పుట్టింది, జుట్టు రాలుతోంది'. ఆ తర్వాత మూడేళ్ళు తేదీలు, తేదీలు. ఆపైన పదకొండు నెలలు ఖాళీ. ఖాళీ కింద అదే చేతిరాత, అదే సిరా:

'మళ్ళీ వస్తున్నారు. అదే రంగు. జుట్టు కొంచెం ఒత్తయింది.'

ఆ తేదీ ఆమె పెళ్ళయిన మరుసటి వారానిది.

లైబ్రరీలో పుస్తకం పోతే కొత్త ప్రతి తెప్పిస్తారు. దానికి కొత్త నంబరు వేయరు. పాత కార్డు మీదే, పోయినదాని నంబరే వేసి అరలో అదే ఖాళీలో పెడతారు. ఎన్ని వందల పుస్తకాలకి తన చేత్తో అలా వేసిందో. తీసుకెళ్ళేవాళ్ళకి తేడా తెలియదు. అట్ట ఒకటే, నంబరు ఒకటే. తేడా పుస్తకానికి తెలుస్తుందేమోనని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

ఇంట్లో మొదటావిడ రంగు ఫోటోలు ఒక్కటీ లేవు. పిల్ల బెంగ పెట్టుకుంటుందని అన్నీ తీసేశామన్నారు అత్తగారు. ముందు గదిలో పెద్దది ఒకటే ఉంది, అదీ గౌరవంగా ఉంటుందని నలుపు తెలుపుల్లో చేయించినది. ఆవిడ జుట్టు ఏ రంగో ఈమెకి తెలిసే దారే లేదు. ఇంట్లో మిగతా అందరికీ తెలుసు.

"ఒంట్లో బాలేదా అండీ? నీళ్ళు తెమ్మంటారా?"

"వద్దు. వెనక భాగం ఓసారి చూపిస్తారా?"

మేనకోడలు చేతి అద్దం పట్టుకుంది. ముందు అద్దంలో ఆ చిన్న అద్దం, దాంట్లో ఒక తల వెనక భాగం. ఎర్రజీర పాయలు నున్నగా భుజాల మీదికి దిగి ఉన్నాయి. అది తనదే. అయినా, తాను చూస్తున్నది తన ముందు అటు తిరిగి కూర్చున్న మరొక మనిషిని అనిపించింది. పిలిస్తే పలికేలా ఉంది. చిట్టి పిలిచింది ఈ మనిషిని. ఆయన కబుర్లు చెప్పుకున్నది ఈ మనిషికి. ఈ మనిషి అన్నీ విన్నది, ఒక్కదానికీ బదులు చెప్పలేకపోయింది. మాట్లాడే నోరు ఇటువైపు తన మొహానికి ఉంది మరి. ఇప్పుడా తల గనక మెల్లగా ఇటు తిరిగితే ఏ మొహం కనిపిస్తుందో అనుకుంది. తాను తల కదపలేదు. అద్దంలో పాయ ఒకటి కదిలినట్టయింది. ఫ్యాను గాలి అయి ఉండొచ్చు.

భయం వేసింది. భయం వెనకే, ఎక్కడి నుంచి వచ్చిందో, జాలి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళకి పోయిందట. పాపం, పోనిచ్చారా అసలు? మూడు వారాలకోసారి తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టి, చెవి వెనక దూది పెట్టి, మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళారు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని, పోయినవాళ్ళకి శాంతినివ్వమని ఈమె మనసులో మొక్కుకునేది. అలా మొక్కుతున్న తల మీదే ఆవిణ్ణి మోస్తూ. దేవుడు పిలుచుకున్న మనిషిని మనం ఇలా గుమ్మంలో పట్టి ఉంచొచ్చా? అత్తగారిని అడిగితే పిల్ల కోసం అంటారు. నిజమే, పిల్ల కోసమే మొదలుపెట్టి ఉంటారు. పిల్లకి నిద్ర పట్టాక కూడా జోల ఆపాలని ఎవరికీ తోచలేదు.

"అదే రంగు కలపమంటారా?" అంది మేనకోడలు.

"ఇది పోవాలంటే ఏం చేయాలి?"

మేనకోడలు గిన్నె పక్కన పెట్టింది. మొహంలో హుషారు కనిపించింది. "మూడు దార్లున్నాయండీ. పొట్టిగా కత్తిరించేయడం ఒకటి. మందు పెట్టి మొత్తం ఒక్కసారే గుంజేయడం రెండోది, జుట్టు చీపురు పుల్లలైపోతుంది. మూడోది చేత్తో గీసేది. దీనికి ఏదో ఫ్రెంచి పేరుంది, నాకు నోరు తిరగదు. కుంచెతో అక్కడో పాయ ఇక్కడో పాయ లేత చేసుకుంటూ పోతాను. పైనుంచి మీ తెలుపు దిగుతుంటుంది, కింద నుంచి పాత రంగు పలచబడుతుంటుంది. ఎక్కడ ఏది మొదలైందో గీత కనపడదు. చూసేవాళ్ళకి కొట్టొచ్చినట్టు ఉండదు. కాకపోతే నిదానం. నాలుగైదు సార్లు రావాలి, మొత్తం పోవడానికి ఏడాది పడుతుంది."

"ఒక్కసారే గుంజేస్తే నొప్పిగా ఉంటుందా?"

"జుట్టుకి నొప్పేంటండీ." నవ్వబోయి, అద్దంలో ఆమె మొహం చూసి ఆగింది. "గుంజితే మాత్రం పాడవుతుంది. మెల్లగా పోనిస్తే మర్యాదగా పోతుంది."

మర్యాదగా. ఆ మాట దగ్గర ఆమె కాసేపు నిలిచింది.

ఎల్లుండి చిట్టి వస్తుంది. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తుంది. పొయ్యి దగ్గర అక్కడక్కడా వెలిసిన జుట్టుతో ఒక వీపు కనిపిస్తుంది. ఈసారి అమ్మా అనకపోవచ్చు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అనకపోవచ్చు. గుండెలో ఆ చోటు తడిమి చూసుకుంది. బాగానే నొప్పి పుట్టింది. ఉన్నది ఆ ఒక్క పిలుపే, అదీ ఎరువు సొమ్ము. ఎన్నాళ్ళు పెట్టుకున్నా ఎరువు సొమ్ము బరువు చేటే. రెండు నెలలు పోతే ఇంట్లోకి పసిబిడ్డ వస్తుంది. ఆ బిడ్డకి ముందు కథ ఏదీ తెలియదు. ఒళ్ళో పడుకుని పైకి చూస్తుంది, దానికి మొదట కనపడేది మొహం. ఆ మొహం పైన ఉన్నది ఎవరి తల అన్నది ఈలోగా తేలాలి.

"చేత్తో గీయండి," అంది. "నిదానంగానే కానివ్వండి. ఆ దూది అక్కర్లేదు."

మేనకోడలు పాయలు విడదీసి, కుంచె ముంచింది. మొదటి గీత పడినప్పుడు చల్లగా, ఎవరో వేలితో మెడ మీద మెల్లగా రాసినట్టు అనిపించింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఈసారి భయం వేయలేదు. వెళ్ళిరా అక్కా అని మనసులో అనుకుంది. ఆవిణ్ణి ఏ వరసతోనైనా పిలవడం అదే మొదటిసారి.

ఒళ్ళో ఫోన్ మోగింది. ఆయన. చేతులకి గుడ్డ అడ్డంగా ఉండడంతో మేనకోడలే స్పీకరు నొక్కింది.

"అయిందా?" అన్నాడాయన.

"మొదలైందండీ."

"ఇంకా ఎంతసేపు? అమ్మ మాత్రలు ఎక్కడున్నాయో తెలియట్లేదు."

"కిటికీ పక్క డబ్బాలో ఉన్నాయి. ఇక్కడ ఏడాది పడుతుందట."

"ఏమిటి?"

"ఆ రంగు అక్కయ్యది. కార్డు చూశాను. ఆవిణ్ణి పంపించేస్తున్నామండీ, మెల్లగా, కష్టపెట్టకుండా. ఏడాదిలో వెళ్ళిపోతారు."

అవతల పేపరు మడిచిన చప్పుడు. మేనకోడలి కుంచె గాల్లో ఆగింది. ఆయన గొంతు వచ్చింది, తెలియని ఇంటి తలుపు కొట్టే మనిషి గొంతులా.

"ఎవరు మాట్లాడేది?"

ఇరవై ఒక్క ఏళ్ళలో ఆయన ఆమెని ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు. తొందరేం లేకుండా, మొదటి నుంచీ చెప్పాలని, ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది.