దేవునర్రల వాల్వు

దసరా పొద్దున పది గొట్టకముందే లింగస్వామి మైక్ సెట్ దుకాణంల టప్పుమని ఒక చప్పుడైంది. పెద్ద చప్పుడేం గాదు. వేడి గలాసల చల్లనీళ్లు పోస్తే పగులుతది చూడు, గంతే. కాని ఆ చప్పుడుకు మౌనిక చేతిలున్న గిటారు జారి కింద పడబోయింది.

ఎందుకు పడబోయిందో తెల్వాలంటే జర ఎనుకకు పోవాలె.

మౌనిక లింగస్వామి బిడ్డ. శేరిగూడ కాలేజిల ఇంజనీరింగ్ చదివింది. చదివిందే గాని పానమంతా గిటారు మీదనే. ఇబ్రహీంపట్నంల గిటారంటే సినిమా హీరో మెడల ఏసుకునే వస్తువు, అంతకు మించి ఎవలకు పట్టింపు లేదు. "బరాత్‌ల బ్యాండోళ్లతోని వాయిస్తవా బిడ్డ?" అని అడిగినోళ్లున్నరు. ఆమె వాయించింది గూడ. ఏం జేస్తది మరి, ఒక్కరన్న కూసోని వింటే గదా!

నెల కింద ఆమె చిన్న ఆంప్లిఫయర్ ఖరాబైతే, దుకాణం మూలకు పడున్న తాత మల్లేశయ్య కాలంనాటి మైక్ సెట్టుకు గిటారు తగిలించింది. ఇనుప డబ్బా. ఇద్దరు మోస్తే గాని లేవదు. లోపల చిప్పులు గిప్పులు లేవు, కరెంటు బల్బుల లెక్క రెండు పెద్ద గాజు వాల్వులు, పక్కకు రెండు మూడు చిన్నయి. సెట్టు వేడైనంక ఒక్క తీగె మీటింది. మీటి, అట్లనే నిలవడ్డది.

చిప్పు సెట్టుకు ఒక హద్దుంటది. ఆ హద్దు దాక మంచిగనే పాడుతది, దాటంగనే గొంతు పట్టుకున్నట్టు కరకరమంటది. వాల్వు గట్ల గాదు. మెల్లగ మీటితే మెత్తగ పలుకుతది. గట్టిగ మీటితే తెగదు, జర వంగుతది, ఏడుపు ఆపుకుంట మాట్లాడే మనిషి గొంతు లెక్క బొంగురువోతది. వేలు ఎంత బరువు పెడితే గంత మాట. గిటారు వాయించేటోళ్లు మార్షల్ ఆంప్ అంటరు, ఫెండర్ ఆంప్ అంటరు, లక్షలు పోసి బయటి దేశాల నుంచి తెప్పించుకుంటరు. అన్నిట్ల ఉండేది గీ గాజు బుడ్లే. మార్షల్‌ల కూసునే ఈఎల్ థర్టీఫోర్ రకం వాల్వే తాత మైక్ సెట్టుల గూడ కూసున్నదని తెలిసిన నాడు మౌనికకు అన్నం గూడ సయించలేదు.

ఆ సౌండ్ ఫోన్ల రికార్డు జేసి ఆన్‌లైన్ల పెడితే, పట్నంల స్టూడియో నడిపే అరుణజ్యోతి అనే ఆమె విన్నది. ఫోన్ జేసి, "ఏం ఆంప్ అది? ఏ దేశంది?" అని అడిగింది.

"ఇబ్రహీంపట్నందే మేడం," అన్నది మౌనిక.

ఆమె నవ్వింది. నవ్వి, పని మాట చెప్పింది. "దసరా నాడు పన్నెండింటికి మీ దుకాణానికే రికార్డింగ్ మిషన్ పట్టుకొని వస్త. పాట తెల్లారే పంపాలె. గదే సౌండ్ ఉంటే పాటంత గిటారు నీదే. లేకుంటే సాయంత్రానికి ఇక్కడ ఇంకొకాయన రెడీగ ఉన్నడు."

ఇగ ఆ దసరా పొద్దున మౌనిక తొమ్మిదింటికే సెట్టు ఆన్ జేసింది. వేడి బయటికి పోవాలని ఎనుక రేకు గూడ తీసిపెట్టింది. వాల్వులు పచ్చగ, ఎర్రగ వెలుగుతున్నయి. ఆమె అటు తిరిగి తీగెలు సవరించుకుంటుంది.

అగో, అప్పుడే పూజ పళ్లెం పట్టుకొని నాయినమ్మ కాశమ్మ వచ్చింది. దసరాకు పనిముట్లకు మొక్కకుంటె కాశమ్మకు పండుగే గాదు. ఏటా వస్తది, హార్న్‌లకు, వైర్లకు, ఆటో ట్రాలీకి బొట్లు పెడుతది, టెంకాయ గొట్టి ఆ నీళ్లు అన్నిటి మీద చిలకరిస్తది. ఏటా సెట్టు బందు ఉంటది గాబట్టి ఎన్నడు ఏం గాలేదు. ఈసారి చూస్తే సెట్టు కడుపుల జోడు దీపాలు. ముసలామె మురిసిపోయింది. "అబ్బ, లచ్చిందేవి కూసున్నట్టే ఉందే!" అనుకుంట టెంకాయ నీళ్లు దోసిట్ల పట్టి, నిండు మనసుతోని చిలకరించింది.

టప్!

"ప్లగ్గు గుంజుండ్రి!" అని లింగస్వామి బయటనుంచే ఒర్లుకుంట ఉరికొచ్చిండు. మౌనిక ప్లగ్గు గుంజింది. ఒక పెద్ద వాల్వు తల పగిలి పెంకలు రాలినయి, లోపలి రేకులు బయటవడ్డయి. "అయ్యో అయ్యో" అని కాశమ్మ ఆ పెంకలు ఏరుదామని చెయ్యి వెట్టబోయింది. లింగస్వామి ఒక్క అంగల వచ్చి తల్లి మణికట్టు దొరకబట్టిండు.

"ప్లగ్గు తీసిండ్రు గదరా!"

"తీస్తే ఏమాయె? నాలుగొందల వోల్టులు లోపల్నే కూసుంటయవ్వ! ఇగో, నా ఏలు చూడు, ఎట్ల వంకరవోయిందో. గది గూడ ప్లగ్గు తీసినంకనే!"

రెండు వైర్లు గట్టిన బల్బు ఒకటి తెచ్చి, ఒక చెయ్యి ఎనుక పెట్టుకొని, ఇంకో చేతితోని ఆ వైర్లు డబ్బా లోపల కరెంటు నిలిచే కాడ ఆనిచ్చిండు. బల్బు భగ్గుమని ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. "చూసినవా, నీ చేతిలకు వచ్చేది గది," అన్నడు. కాశమ్మ అక్కడ్నే స్టూలు మీద కూలవడ్డది.

మౌనికకు అవేం కనవడ్తలేవు. పగిలిన వాల్వునే చూస్తుంది. మిగిలిన గాజుకు లోపల వెండి పూత ఉండాలె. గాలి చొచ్చినంక అది పాల లెక్క తెల్లగైపోయింది. జోడు ఎడ్లల్ల ఒక్కటి పడిపోతే బండి ఎట్ల నడుస్తది?

"సంబురమైందా నాయినమ్మా?" అన్నది. "నీ బొట్లు పాడుగాను, నీ టెంకాయ పాడుగాను! ఇన్నేండ్లకు ఒక్క మనిషి నా చెయ్యి వింటనని వస్తుంది. నీళ్లు గొట్టి సంపినవ్!"

"మౌనికా!" అన్నడు లింగస్వామి. కాని ఆ మాట అప్పటికే పోయి తాకింది. కాశమ్మ పళ్లెం తీసుకొని దుకాణం ఎనుకున్న ఇంట్లకు పోయింది.

లింగస్వామి ఫోన్ అందుకున్నడు. పట్నంల కోటి బజార్ల వాల్వులమ్మే బాలేష్‌కు చేసిండు. "పండుగ నాడు కోటిల ఎవలుంటరన్నా? మా ఊర్ల జమ్మి కాడున్న. షటర్ చాబి ఓనరు కాడుంది," అన్నడాయన. ఆన్‌లైన్ల చూస్తే నాలుగు రోజులు. బోనాలప్పుడు ఆర్డర్ పెట్టిన మైకే ఇంక రాలేదు. పది నలభై అయింది. మౌనిక ఫోన్ల మెసేజ్ పడ్డది. 'ఎల్బీ నగర్ దాటిన. రోడ్లు ఖాళీ. పన్నెండు దాక ఆగేది లేదు, జల్దీ వస్త.'

పండుగ పూట రోడ్లు ఖాళీగ ఉంటే సంబురపడాలె. మౌనిక ఫోన్ తీసి బల్ల మీద పడేసింది.

ఇంట్ల ఇంకొక వాల్వు ఉంది. ఇద్దరికి తెలుసు. ఎవలు ఎవల మొఖం చూస్తలేరు.

మల్లేశయ్య ఈ సెట్టు కొన్ననాడు దానితోని ఒక వాల్వు ఎక్కువ తెచ్చిండు. ఆ దసరాకు దాన్ని దేవునర్రల దేవుని పటాల పక్కన పెట్టి బొట్టు వెట్టి, "ఇది సెట్టు పానమే. పైలంగ దాయి," అని పెండ్లానికి చెప్పిండు. వచ్చే ఎండకాలంల ఆయన పోయిండు. కాశమ్మ దాసింది. ముప్పై ఎనిమిది దసరాలు, బొట్టు మీద బొట్టు, పసుపు మీద కుంకుమ. గాజు కనవడకుండ ఎర్రగ గట్టిపడి, దేవుళ్ల పక్కన ఇంకో దేవుడైంది. మౌనిక చిన్నప్పుడు దానికి మొక్కి పరీక్షలకు పోయేది. పదేండ్ల కింద సెట్టుల వాల్వు పోతే లింగస్వామి అడిగిండు. కాశమ్మ రెండు దినాలు అన్నం ముట్టలే. ఆయన కోటి అంతా తిరిగి జోడు వాల్వులు తెచ్చుకున్నడు గాని మళ్ల ఆ మాట ఎత్తలే.

"బాపు, నువ్వు పోయి అడుగు."

"తిట్టింది నువ్వు. నువ్వడుగు."

"ఏ మొఖం వెట్టుకొని అడగాలె?"

అయినా లేచింది. వాకిట్ల కాలు వెట్టిందో లేదో, కాశమ్మనే ఎదురొచ్చింది. కొంగుల ఏదో పట్టుకుంది. వచ్చి స్టూలు మీద కూసోని కొంగు ఇప్పింది.

"నువ్వు తిట్టినవని తేలే," అన్నది, మౌనిక దిక్కు చూడకుంట. "నేను చెడగొట్టిన, నేను సర్దుత. దీని బొట్లు తియ్యాల్నా?"

"తియ్యాలె నాయినమ్మా. వేడికి మాడుతయి. లోపల మంచిగున్నదో లేదో గూడ కనవడాలె." మౌనిక చెయ్యి చాపింది.

కాశమ్మ ఇయ్యలే. "మీ తాత పోయిన పదో నాడు నా బొట్టు ఎవలెవలో తుడిచిండ్రు. నన్ను అడగలే. దీనిది మాత్రం నేనే తుడుస్త," అన్నది.

లింగస్వామి స్పిరిట్ సీసా, పొడి బట్ట తెచ్చి పక్కన వెట్టిండు. ముసలామె మెల్లగ రుద్దుతుంది. ఎరుపు పోతే పసుపు, పసుపు పోతే మళ్ల ఎరుపు. బట్ట మారింది. ముందుగల కింద నల్లటి పీఠం బయటవడ్డది, ఆ తర్వాత నడుమ గాజు. తల మీద పెచ్చు ఊడి వస్తలేదు. అక్కడ తెల్లగుంటే ఇగ అయిపోయినట్టే. కాశమ్మ బొటనేలుతోని గట్టిగ ఒక్క రుద్దు రుద్దింది.

వెండి! కొత్త గిన్నె లెక్క మెరుస్తుంది.

"ఆగుండ్రి, అప్పుడే సంబురం లేదు," అన్నడు లింగస్వామి. "ఇన్నేండ్లు కరెంటు మొఖం చూడంది. లోపల ఏదన్న అంటుకొని ఉంటే రెండోది గూడ పోతది, ట్రాన్స్‌ఫార్మర్ గూడ పోతది. సీరీస్ బల్బు పెట్టి చూడాలె."

మైక్ సెట్టోళ్ల పాత పద్ధతి అది. కరెంటు నేరుగ సెట్టుకు ఇయ్యకుంట నడుమల ఒక పెద్ద బల్బు పెడుతరు. బల్బు భగ్గున వెలిగి మెల్లగ మబ్బుగైతే సెట్టు బతికినట్టు. భగ్గున వెలిగి అట్లనే ఉంటే లోపల ఖతం.

డబ్బాను తడి లేకుంట తుడిచి, ఆరబెట్టి, వాల్వు కూసోవెట్టిండు. స్విచ్చి ఏసిండు.

బల్బు భగ్గుమన్నది.

ఒకటి, రెండు, మూడు... మౌనిక లోపల్నే లెక్కవెడుతుంది. పది. బల్బు తగ్గుతలేదు. కాశమ్మ పెదాలు కదులుతున్నయి. బల్ల మీద ఫోన్ మోగింది, అరుణజ్యోతి. బొంగ్లూరు గేటు కాడికి వచ్చి ఉంటది, ఇగ పది నిమిషాలే. ఎవలు ఎత్తలే. పదిహేను. లింగస్వామి చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"బాపు, ఆగు! ఇంకొక్క జర ఆగు!"

బల్బు ఎరుపు తిరిగింది. ఇంక జర తగ్గింది. ఆఖరుకు లోపలి తీగె ఒక్కటే కనవడేటంత మబ్బుగైంది. సెట్టు కడుపుల ముప్పై ఎనిమిదేండ్ల వాల్వు నడుమల పచ్చటి వెలుగు పుట్టింది. లింగస్వామి భుజం మీది తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు.

బల్బు తీసి నేరుగ కరెంటు ఇచ్చినంక జర చిటపటమన్నది. గాజు సందుల మిగిలిన పసుపు మాడి దుకాణమంతా కమురు వాసన. మౌనిక గిటారు తగిలించి, నాయినమ్మ ముంగట మోకాళ్ల మీద కూసున్నది.

"తప్పైంది నాయినమ్మా. నోటికి ఎంతొస్తే గంత అన్న."

"అన్నవ్. నాకు యాదికుంటది," అన్నది కాశమ్మ. "ముందుగల వాయించు, కారు ఆగిన చప్పుడైతుంది."

అరుణజ్యోతి లోపలికి రాంగనే ముక్కు ఎగవీల్చి, "ఏంది ఈ వాసన, పూజ చేస్తున్నరా?" అని అడిగింది. ఆమె మైకు నిలవెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, పాట ఆన్ చేసి చెయ్యి ఊపింది.

మౌనిక వాయించింది. మొదలు మెల్లగనే. జోడి కుదిరిందో లేదోనని భయం. ఆ తర్వాత చరణం కాడ వేలు గట్టిగ ఒత్తింది. సెట్టు తెగలే. వంగింది, బొంగురువోయింది, ఆ బొంగురులనే నిలవడి పాడింది. ఆమె కండ్లల్ల నీళ్లు కారుతున్నయి గాని వేలు తప్పలే.

అరుణజ్యోతి హెడ్‌ఫోన్లు తీసింది. ఫోన్ తీసి ఎవలికో, "సాయంత్రం ఆయనను రావొద్దని చెప్పు. గిటారు దొరికింది," అన్నది. మౌనిక దిక్కు తిరిగి, "ఇంకొక్కసారి వాయిద్దాం. ఏం మార్చకు, ఆ నాబ్‌లు గూడ ముట్టకు," అన్నది.

మూడు దాటినంక ఆమె కారు పోయింది. మౌనిక సెట్టు బందు వెట్టి, సల్లారినంక తాత వాల్వు ఊడదీసి పొడి బట్టల సుట్టింది. దాన్ని దాని జాగల పెట్టాలె గదా, తాత దాయమన్న మాట మాటనే. పట్టుకొని ఇంట్లకు పోయింది.

దేవునర్రల కాశమ్మ కూసోనుంది. వాల్వు ఉండే జాగ ఖాళీగ లేదు. తల పగిలిన వాల్వు అక్కడ నిలవెట్టి ఉంది. దాని పెంకలన్ని ఏరి ఇత్తడి గిన్నెల పోసి పక్కన పెట్టింది. కుంకుమ వేలు దాని మీదికి పోతుంది.

"అది పలిగింది గదనే," అన్నది మౌనిక. "ఇగో, తాతది తెచ్చిన."

"మీ తాతది సెట్టుల్నే పెట్టు. ఎన్నేండ్లు కూసోని మొక్కులు తింటది? పాడనీ జర." కాశమ్మ పగిలిన గాజుకు బొట్టు వెట్టింది. "పని చేసి చేసి పానం ఇడిసింది ఇది. పొద్దున నేను సంపిన దీన్ని. మొక్కితే దీనికే మొక్కాలె."

మౌనిక బట్టల వాల్వును ఒళ్లె పెట్టుకొని నాయినమ్మ పక్కన కూసున్నది. కుంకుమ గిన్నె తన దిక్కు గుంజుకొని, తను గూడ ఒక బొట్టు వెట్టింది.